చదునుగా అతికించిన రెక్క

మదనపల్లెలో నా ప్యాంట్లు కుట్టే భాయ్ ఒకాయన ఉన్నాడు. అసలాయన జాకెట్ల టైలరు. మగవాళ్ళ బట్టలు తెలిసినవాళ్ళవైతేనే, అదీ మొహమాటానికి, తీసుకుంటాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా ఆయన నన్ను సార్ అనీ మీరు అనీ అంటాడు, నేను భాయ్ అంటూనే నువ్వు అంటాను. లెక్చరరుకూ టైలరుకూ మధ్య మా ఊళ్ళో అది మామూలు. ఆయనకు నేను చేసిన అన్యాయం ఒకటుంది. దాన్ని కాగితం మీద పెట్టాలని చాలాసార్లు కూర్చున్నాను, ఏదో ఒక పని గుర్తు తెచ్చుకుని మధ్యలోనే లేచాను. ఈసారి లేవకూడదనుకున్నాను.

నేను పుంగనూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు మదనపల్లెలో. రోజూ బస్సులో పోయి రావడమే. మా ఇంట్లో కూలికి పోకుండా జీతం తెచ్చుకున్న మొదటి మనిషిని నేను. మా అమ్మ వేరుశనగ చేలల్లో కలుపు తీసి నన్ను చదివించింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు గానీ, అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చేసరికి ఒక జబ్బు అంటుకుంది. నలుగురిలో నాకు తెలియదు అనలేను. తప్పు నాది అని అసలే అనలేను. బోర్డు మీద లెక్క తప్పిపోతే, కావాలనే చేశాను, ఎవరు పట్టుకుంటారో చూద్దామని, అనేవాణ్ణి. క్లాసంతా నమ్మేది.

నలభై దాటాక నాకు విమానాల పిచ్చి పట్టింది. రిమోటుతో ఎగిరే చిన్నవి, మనమే చేసుకునేవి. రెండు పల్చటి కాగితాల మధ్య తేలికైన నురుగు పొర ఉండే ఫోమ్ బోర్డు అని ఒక అట్ట వస్తుంది. ఫోటోలు అంటించి గోడకు తగిలిస్తారే, అది. మా ఊళ్ళో ఫ్రేముల అంగట్లోనే దొరికేది. మోటారు, బ్యాటరీ, రిమోటు బెంగళూరు నుంచి తెప్పించుకున్నాను. మా ఆవిడ మొదట నవ్వింది, తరవాత తిట్టింది, ఆ తరవాత పట్టించుకోవడం మానేసింది. వంటింట్లో పప్పు గిన్నె పక్కన జిగురు తుపాకీ కనిపిస్తే మాత్రం ఇప్పటికీ ఊరుకోదు.

అన్నీ కుదిరాయి గానీ నా చేతికి కోత రాదు. గీత ఒకచోట ఉంటే బ్లేడు ఇంకొకచోటికి పోయేది. మొదటి రెండు విమానాలూ పుంగనూరు దగ్గర టమోటా తోటల్లో కూలాయి. రెండోసారి తోట ఆసామి కర్రలకు కట్టిన చెట్ల మధ్య నుంచి దాన్ని తీసిచ్చి, ఇది ఎగరాల్నా, పడాల్నా అని అడిగాడు. ఎగతాళి చేస్తున్నాడో, నిజంగానే అడుగుతున్నాడో నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం పొట్ట పెరిగి బిగుసుకుపోయిన ప్యాంటు వదులు చేయించడానికి భాయ్ అంగడికి పోయాను. చంకలో సగం కోసిన రెక్క ఉంది. ఆయన ప్యాంటు సంగతి వదిలేసి రెక్కనే చూశాడు. నా చేతిలో నుంచి తీసుకుని అంచు మీద వేలు రాసి, ఇదెవరు కోసింది అని అడిగాడు. నేనే అన్నాను. పాపం అన్నట్టు తలాడించి, సుద్దముక్క తీసి, నా గీతల మీద తన గీతలు గీసి, పది నిమిషాల్లో మళ్ళీ కోసి ఇచ్చాడు. ఆ అంచు ఎంత నున్నగా వచ్చిందంటే, ఇంటికి వచ్చి మా ఆవిడకు చూపించాను. ఇదైనా ఎగురుతుందా అంది. ఎగిరింది. ఆ తరవాత నా రెక్కలన్నీ భాయే కోశాడు.

ఆయనకు ఫిజిక్స్ తెలియదు. నాలుగో తరగతితో చదువు ఆపేశాడు. కానీ ఒక వస్తువు ఒంటి మీద ఎలా నిలుస్తుందో ఆయనకు తెలిసినట్టు నాకు తెలియదు. ఆయన పనికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి, కుడి ఎడమల్ని ఎప్పుడూ విడిగా కోయడు. గుడ్డనైతే మడతేసి, అట్టనైతే ఒకదానికొకటి ముఖం పెట్టి పేర్చి, రెండిటినీ ఒకే కోతలో తీస్తాడు. జోడీ అంటే జోడీగానే పుట్టాలి అనేవాడు. రెండోది, ట్రయల్. ఎంత తెలిసిన ఒళ్ళయినా ముందు కచ్చా కుట్టు వేసి, తొడిగి చూసి, ఎక్కడ లాగుతోందో ఎక్కడ వదులవుతోందో సరిచేశాకే గట్టి కుట్టు వేస్తాడు. విమానానికీ అదే. ముందు టేపు ముక్కలతో రెక్కను తాత్కాలికంగా నిలబెట్టి, మోటారు వేయకుండా చేత్తో విసిరి, ఎలా దిగుతుందో చూడాలి. జిగురు ఆ తరవాతే.

ఆదివారాలు పొద్దున్నే ఇద్దరం నా స్కూటరు మీద పుంగనూరు వైపు పోయేవాళ్ళం. రోడ్డు పక్కన ఎండిపోయిన చెరువు ఒకటి ఉంది. అడుగు పగిలి గట్టిపడి మైదానంలా ఉంటుంది, అంచుల్లో మాత్రం తుమ్మచెట్లు. నేను రిమోటు పట్టుకునేవాణ్ణి. ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ నిలబడేవాడు. ఒక్కసారి పట్టుకో భాయ్ అంటే ఒప్పుకునేవాడు కాదు. తాను కోసింది పైన తిరుగుతుంటే చూడటమే ఆయనకు చాలు. ఇంటికి వచ్చేటప్పుడు వెనక కూర్చుని, ఆ రెక్క ఇంకా రవ్వంత వెడల్పు ఉంటే బాగుండేదనో, తోక బిగువుగా ఉందనో చెబుతూ వచ్చేవాడు. ఆ మాటలు వింటూ బండి నడపడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో అప్పుడు తెలియలేదు.

ఏడాది పాటు తిన్నని రెక్కలే చేశాం. ఆ తరవాత నాకు వెనక్కి వాలిన రెక్కల మీద మోజు పుట్టింది. పెద్ద జెట్ విమానాలకు ఉంటాయి చూడండి, ఒంటి దగ్గర మొదలై వెనక్కి జరుగుతూ పోయే రెక్కలు, అవి. దానికి కారణం కుప్పం. అక్కడ ఒక మైదానంలో అప్పుడప్పుడు బెంగళూరు, హోసూరు వైపు నుంచి విమానాలు ఎగరేసేవాళ్ళు వచ్చి చేరతారని తెలిసింది. నన్నూ రమ్మన్నారు. అందరూ కొన్న విమానాలతో వస్తారు, నేను చేసుకున్న విమానంతో పోవాలి, అదీ మామూలు రెక్కతో కాదు. చెప్పుకోవడానికి ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ నెలంతా నాకు వేరే ధ్యాస లేదు.

వాలు రెక్క అంటే భాయ్‌కి వివరించాల్సిన పని పడుతుందనుకున్నాను. బొమ్మ చూడగానే, క్రాస్ కటింగ్ జాకెట్టే గదా సార్ అన్నాడు. గుడ్డను నిలువుగా కాకుండా ఏటవాలుగా కోస్తే అది ఒంటి మీద ఇంకో రకంగా పడుతుంది, ఇదీ అంతే అన్నాడు. రెండు అట్టల్ని ముఖాముఖి పెట్టి కూర్చున్న చోటు నుంచి లేవకుండా కోసేశాడు. ముందు అంచు దగ్గర కింది కాగితం తెగకుండా సగం లోతు కోసి, లోపలి నురుగు గీకేసి, అట్టను పుస్తకం మూసినట్టు మడిచి, మధ్యలో బలానికి అట్ట పట్టీ ఒకటి నిలబెట్టాడు. రెండు సగాలనూ నడుమ కలిపి టేపు వేశాడు. కుప్పం పోవడానికి ఇంకా మూడు రోజులుంది.

మరుసటి పొద్దున చెరువులో ట్రయల్ చూశాం. చేత్తో విసిరితే విమానం చక్కగా తేలిపోయింది. అయితే చివర్లో, వేగం తగ్గి నేలకు దిగే ముందు, ఎడమ రెక్క, భుజం దించినట్టు, టక్కున కిందికి పడిపోయింది. మళ్ళీ విసిరాం. ఈసారి కుడి భుజం పడింది. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. నాకు కాలేజీకి బస్సు టైమైంది. గాలి సరిగ్గా లేదన్నాను. భాయ్ విమానాన్ని సంచిలో పెట్టుకుని అంగడికి తీసుకుపోయాడు.

శనివారం మధ్యాహ్నం జిగురు వేద్దామని నేను పోయేసరికి రెక్కలు మారిపోయి ఉన్నాయి. ఆయన టేపు విప్పి, రెండు రెక్కల కొసల్నీ కొద్దిగా మెలితిప్పి మళ్ళీ టేపు వేశాడు. కొస దగ్గర ముందు అంచు రవ్వంత దిగింది, వెనక అంచు రవ్వంత లేచింది. బల్ల మీద పెడితే వెనక అంచు కింద నుంచి వెలుతురు కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. రెక్క అన్నాక బల్ల మీద పెడితే ఎక్కడా సందు లేకుండా ఆనాలి, ఏడాదిగా అలాగే చేస్తున్నాం. ఇది వంకర పోయింది భాయ్ అన్నాను.

"వంకర కాదు సార్, కావాలనే తిప్పినా," అన్నాడు. "జాకెట్టు సెయ్యిని సదునుగా అతికిస్తే, మనిషి నిలబడినప్పుడు బాగానే ఉంటాది. సెయ్యెత్తితే సంక కాడ లాగతాది. అందుకే సెయ్యిని ఒక రవ్వ తిప్పి అతికించేది. దీనికీ అట్లే ఉండాది. నిదానమైనప్పుడు లాగతాండాది."

నేను వినలేదు. ఇది జాకెట్టు కాదన్నాను. గాలి ఎలా పోతుందో బొమ్మ గీసి చూపించాను. ఆ బొమ్మ క్లాసులో ఎన్నోసార్లు గీసిందే, తిన్నని రెక్కకు సరిపోయేది. వాలు రెక్క గురించి నాకు ఏమీ తెలియదన్న సంగతి నాకే తెలియదు. ఆయన ఇంకోసారి, మళ్ళీ ట్రయల్ సూసి అప్పుడు జిగురేద్దాం సార్ అన్నాడు. పొద్దున్నే బస్సెక్కాలి, ట్రయల్ లేదూ ఏమీ లేదు అన్నాను. నా గొంతు పెరిగి ఉంటుంది, కొలతలివ్వడానికి వచ్చిన ఆడమనిషి ఒకామె మావైపు తిరిగి చూసింది. భాయ్ టేపు ఊడదీసి, రెక్కల్ని బల్ల మీద చదునుగా పరిచాడు. జిగురు నేనే వేశాను. రెక్క లేవకుండా పైన నాలుగు ఫిజిక్స్ పుస్తకాలు బరువు పెట్టాను. ఒకసారి జిగురు పట్టాక ఆ రెక్క ఇక ఎటూ తిరగదు. బల్లకు కన్ను ఆనించి చూశాను, వెలుతురు ఎక్కడా కనిపించలేదు. ఎంత సంతోషపడ్డానో.

ఆదివారం తెల్లారేసరికి బస్సులో ఉన్నాం. పుంగనూరు మీదుగా పలమనేరు, అక్కడ బస్సు మారి కుప్పం. విమానం ఒంటిని నేను ఒళ్ళో పెట్టుకున్నాను, రెక్కను భాయ్ పాత జాకెట్టు లైనింగు గుడ్డలో చుట్టి నిలువుగా పట్టుకున్నాడు. పలమనేరులో ఎక్కిన బస్సులో కండక్టరు ఆ మూటను చూసి ఏముందని అడిగాడు. విమానం అన్నాడు భాయ్. అయితే అదే మిమ్మల్ని తీసకపోవచ్చు గదప్పా, నా బస్సు మీకు యాల అన్నాడు కండక్టరు. దారి పొడుగునా భాయ్ అది తలుచుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, పెళ్ళికి పోతున్నట్టు.

కుప్పంలో ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు తమిళం, కొందరు కన్నడం, అందరూ మధ్య మధ్య ఇంగ్లీషు. మా విమానం చూసి చుట్టూ మూగారు. అట్టతో ఇంత నున్నగానా అని బెంగళూరు ఆయన ఒకాయన రెక్క అంచు తడిమి చూశాడు. భాయ్ నా వెనక నిలబడి తల దించుకుని నవ్వుతున్నాడు. ఇది కోసింది ఈయన అని అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. డిజైను నాదే అన్నాను.

విమానం అద్భుతంగా లేచింది. వేగంగా పోయినంతసేపూ బాణంలా పోయింది. రెండు చుట్లు తిప్పాను. చప్పట్లు కూడా కొట్టారు. దించుదామని మోటారు తగ్గించి, మా వైపు మలుపు తిప్పాను. నిదానమైంది. ఎడమ రెక్క టక్కున పడింది. నేను కుడికి లాగాను, అది ఇంకా పడింది. గిరగిర తిరుగుతూ ముక్కు నేలకు గుచ్చుకుంది. మొత్తం మూడు నాలుగు క్షణాలు.

అందరూ పరుగెత్తి వచ్చారు. బెంగళూరు ఆయన మర్యాదగానే అడిగాడు, ఏమైంది సార్ అని. నాకు తెలియదు అంటే సరిపోయేది. చూడాలి అన్నా సరిపోయేది. నా చెవులు వేడెక్కిపోయాయి. ఇరవై మంది నా ముఖంలోకి చూస్తున్నారు.

"కటింగ్‌లో తేడా వచ్చినట్టుంది," అన్నాను. "మా టైలరు కోశాడు."

గడ్డం ఎత్తి భాయ్ వైపు చూపించాను కూడా. ఎవరో చిన్నగా నవ్వారు. ఎవరో ఒకరు, టైలరా, అన్నారు. భాయ్ అప్పటికే నేల మీద మోకాళ్ళు ఆనించి ముక్కలు ఏరుతున్నాడు. ఒంటి భాగం నుజ్జయింది గానీ రెక్కలు రెండూ నడిమి అతుకు దగ్గర విడిపోయి, దాదాపు అలాగే ఉన్నాయి. వాటి మట్టి దులిపి లైనింగు గుడ్డలో చుట్టుకున్నాడు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఎర్రటి మన్ను అంటుకుంది.

తిరుగు ప్రయాణంలో పలమనేరులో దిగాం. బస్టాండులో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. చేతులు కడుక్కుని వచ్చి ఆయన అడిగాడు.

"ఏ రెక్క సార్?"

నాకు అర్థం కానట్టు చూశాను.

"కటింగ్‌లో తేడా అంటిరి గదా. ఏ రెక్కలో వచ్చింది?"

కూలిన వేడిలో నోరు జారడం వేరు. అది జరిగి నాలుగు గంటలయింది. చల్లగా, ఆలోచించుకుని, ఎడమ రెక్కలో అన్నాను. ఎంత అని అడిగాడు. మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుందిలే భాయ్, మనుషులం గదా, ఎవరికైనా జరుగుతుంది అన్నాను. ఎంత పెద్దమనసు నాది. నేను ఏ స్కేలూ పెట్టి చూడలేదు. ఆయన కాసేపు తన కుడి చేతివేళ్ళు చూసుకుని, సరే సార్ అన్నాడు. పుంగనూరు వచ్చేసరికి కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆ తరవాత చాలా రోజులు విమానాల జోలికి పోలేదు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు భాయ్ దగ్గరికి పోలేదు. అదే కొలతలతో రెక్కల్ని బెంగళూరులో యంత్రం మీద కోయించి తెప్పించాను. యంత్రం కోత అంటే వెంట్రుకంత తేడా కూడా ఉండదు. వాటిని అలాగే మడిచి, అలాగే చదునుగా బరువులు పెట్టి అతికించి, ఒక ఆదివారం ఒంటరిగా చెరువుకు పోయాను. నిదానించగానే ఎడమ రెక్క పడింది. అదృష్టం కొద్దీ తక్కువ ఎత్తు, పెద్దగా దెబ్బ తగల్లేదు. మళ్ళీ ఎగరేశాను. ఈసారి కుడి రెక్క పడింది.

చెరువు మధ్యలో నిలబడిపోయాను. కోతలో తేడా ఉంటే ఎప్పుడూ ఒకే రెక్క పడాలి. ఒకసారి ఇది, ఒకసారి అది పడుతోందంటే తప్పు కోతలో లేదు. ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్ళను అడిగినా చెబుతారు. ఆ ట్రయల్ రోజున నా కళ్ళ ముందే ఎడమా కుడీ మార్చి మార్చి పడితే, గాలి సరిగ్గా లేదన్న మనిషిని నేను.

ఇంటికి పోయి రెండు రాత్రులు చదివాను. వెనక్కి వాలిన రెక్కకు వేగం తగ్గితే మొదట కొసలే పట్టు తప్పుతాయి. అందుకే కొసల్ని కొద్దిగా మెలితిప్పి, ముందు అంచు దించి అతికిస్తారు. అది తెలిసినవాళ్ళందరూ చేసే పని. కొత్త రెక్కలు చేసి, భాయ్ తిప్పినట్టే తిప్పి, జిగురు వేశాను. బల్ల మీద పెడితే వెనక అంచు కింద వెలుతురు కనిపించింది. చెరువులో ఎంత నిదానంగా దించినా ఏ భుజమూ పడలేదు. నేల మీద కాళ్ళు మోపినట్టు దిగింది. ఆ దిగడం చూసి నాకు ఏడుపొచ్చింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను కూడా.

అక్కణ్ణుంచి నేరుగా ఆయన అంగడికి పోవాల్సింది. స్కూటరు ఆ సందు దాకా పోయింది. జనం ఉన్నారు, తరవాత చెబుదాం అనుకున్నాను. ఆ తరవాత ఎన్నిసార్లు పోయానో. గుండీ ఊడిందని, జిప్పు చెడిందని. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చేది, ఎండల గురించో టమోటా ధర గురించో మాట్లాడి లేచేవాణ్ణి. ముఖం చెల్లలేదు. పాత సంగతి, ఆయన మరిచిపోయి ఉంటాడు, మళ్ళీ కెలకడం దేనికి అని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోతే బాగుండేది నాకే కదా.

ఒకసారి పోయేసరికి కటింగ్ బల్ల దగ్గర వేరే మనిషి ఉన్నాడు. వాయల్పాడు వైపు నుంచి వచ్చిన కటింగ్ మాస్టరట. భాయ్ గోడవార స్టూలు మీద కూర్చుని హుక్కులు కుడుతున్నాడు. నేను అనకూడని మాట అన్నాను. మనిషిని పెట్టుకునేంత ఎదిగావన్నమాట భాయ్, సంతోషం అన్నాను. ఆయన తలెత్తి నవ్వాడు. ఆ నవ్వును నేను మామూలుగానే తీసుకున్నాను.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పోతే భాయ్ నమాజుకు పోయి ఉన్నాడు. ఆయన భార్య, నేను భాభీ అంటాను, అంగట్లో కూర్చుని ఉంది. ఆమెతో నాకు చనువు తక్కువ. ఏదో మాట్లాడాలి కదా అని భాయ్ ఇప్పుడు కోత మానేశాడేమని అడిగాను. ఆమె కాస్త ఆశ్చర్యంగా చూసింది, నాకు తెలిసే ఉంటుందనుకుందేమో. ఆయనకు కొన్నాళ్ళుగా సూది కన్నంలో దారం ఎక్కించడం కష్టంగా ఉండేదట, కళ్ళు పోతున్నాయేమోనని లోలోపల భయంగా ఉండేదట. ఎవరికీ చెప్పలేదు. కుప్పం నుంచి వచ్చిన రోజు ఆమెకు చెప్పాడట, నా కళ్ళు పోయినాయి, సార్ కనిపెట్టినాడు అని. ఆమె బలవంతం మీద కంటి డాక్టరు దగ్గరికి పోతే, వయసుకు తగ్గ అద్దాలు చాలు, కళ్ళు బాగున్నాయి అన్నాడట. ఆయన నమ్మలేదు. ఇంకొకరి గుడ్డ పాడుచేసే హక్కు నాకు లేదని కొన్ని నెలలు వచ్చిన గుడ్డలు వెనక్కి పంపి, చివరికి మనిషిని పెట్టుకున్నాడట.

నేను లేచి పోలేదు. ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. వచ్చి స్టూలు మీద కూర్చోగానే మొత్తం చెప్పాను. యంత్రం కోసిన రెక్కలు పడడం, ఆయన తిప్పిన తీరు నిజమవడం, పలమనేరు బస్టాండులో నేను నోటికొచ్చిన కొలత చెప్పడం. నువ్వు కోసిన దాంట్లో ఏ తేడా లేదు భాయ్, తప్పంతా నాది, ఆ రోజే నీ మాట వినకపోవడం నాది, తెలిశాక చెప్పకపోవడం ఇంకా నాది అన్నాను. కటింగ్ మాస్టరు కత్తెర ఆపి వింటున్నాడు. విననీ అనుకున్నాను. భాభీ తల పక్కకు తిప్పుకుంది.

భాయ్ హుక్కులు కుట్టడానికి చేతిలోకి తీసుకున్న జాకెట్టు పక్కన పెట్టాడు. కోప్పడతాడని చూశాను, కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన లేచి, పై అరలో నుంచి లైనింగు గుడ్డ మూట దించాడు. కుప్పం రెక్కలు. ఎడమ రెక్క అంచు పొడుగునా సన్నటి పెన్సిల్ గీతలు, వరసలు వరసలుగా, ఒకదాని పక్కన ఒకటి. కొలిచినప్పుడల్లా పెట్టుకున్న గుర్తులట. కొన్ని చోట్ల కాగితం అరిగిపోయి లోపలి నురుగు కనిపిస్తోంది.

"ఎన్నిసార్లు కొలిసినా రెండూ ఒకటే వచ్చినాయి సార్," అన్నాడు. "మీరేమో మూడు నాలుగు మిల్లీమీటర్లు అంటిరి. మీరు సదువుకున్నోళ్ళు, తప్పు సెప్పరు గదా. అది నా కంటికే ఆనడం ల్యాదు అనుకుంటి."

 క్షమించు అన్నానో, అనాలనుకుని అనలేదో కూడా గుర్తు లేదు. ఆయన నన్ను ఓదారుస్తున్నట్టు, పోనీండి సార్, ఇప్పుడన్నా సెప్తిరి అన్నాడు. రెక్కల్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు.

అప్పుడే ఒకామె జాకెట్టు గుడ్డ పట్టుకుని గడప ఎక్కింది. పాత కస్టమరు, అలవాటు కొద్దీ గుడ్డను నేరుగా భాయ్ చేతికి ఇచ్చింది. ఆయన దాన్ని విప్పి, పన్నా ఎంత వెడల్పుందో చూసి, ఒక క్షణం కటింగ్ బల్ల వైపు చూశాడు.  గుడ్డను అలాగే మడిచి ఆమెకు తిరిగి ఇచ్చాడు.

"ఆయప్పకియ్యమ్మా," అన్నాడు, "కటింగంతా ఆయప్పే సూసుకుంటాడు."